పులిహోర తిని వచ్చేసే కొండ

కార్తీకమాసం వచ్చిందంటే శ్రీకాకుళంలో ఆదివారాలు ఎవరింట్లోనూ ఖాళీగా ఉండవు. నాలుగు కుటుంబాలు కలిసి ఒక వ్యాను మాట్లాడుకోవడం, ఎవరు ఏం వండాలో ముందు రోజు రాత్రి పదకొండింటి దాకా ఫోన్లలో తేల్చుకోవడం, తీరా తెల్లారాక ముగ్గురు పులిహోరే పట్టుకురావడం. ఇదీ మా ఊరి వనభోజనాల క్రమం. ఎక్కడికి వెళ్లాలన్న దాని మీద మాత్రం పెద్ద చర్చ ఉండదు. కళింగపట్నం. దారిలో శాలిహుండం. పొద్దున్న కొండ కింద చెట్ల నీడన, మధ్యాహ్నం దాటాక సముద్రం దగ్గర, దీపాల వేళకి ఇంట్లో.

ఈ వైపు రాని వాళ్ల కోసం కాస్త దారి చెబుతాను. శ్రీకాకుళం పట్టణం నాగావళి ఒడ్డున ఉంది. మేం వనభోజనాలకు వెళ్లేది మాత్రం రెండో నది దగ్గరకి, వంశధార దగ్గరకి. ఒడిశా కొండల్లో పుట్టి, దాదాపు 254 కిలోమీటర్లు నడిచి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటికి ఐదు కిలోమీటర్లు ఇవతల, నదికి దక్షిణపు ఒడ్డున, గార మండలంలో శాలిహుండం కొండ. పట్నం నుంచి 18 కిలోమీటర్లే. పిల్లలు "ఇంకా ఎంతసేపు" అని రెండోసారి అడిగేలోపు వచ్చేస్తుంది.

నేను పుట్టింది విజయనగరంలో. మాకు రామతీర్థం ఉంది, అక్కడి గురుభక్తుల కొండ మీద కూడా బౌద్ధుల కట్టడాలు ఉన్నాయి. మేమూ రాముణ్ణి చూసి, ప్రసాదం తిని, కోతులకు భయపడి వచ్చేసేవాళ్లమే తప్ప ఆ రెండో కొండ వైపు కన్నెత్తే వాళ్లం కాదు. పెళ్లయి శ్రీకాకుళం వచ్చాక ఇక్కడా అదే వరస. కొండ కింద దుప్పట్లు పరుస్తారు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, జీడిపప్పు కూర, పులిహోర, పెరుగన్నం, చల్లమిరపకాయలు. తిన్నాక మగవాళ్లు ఒరుగుతారు, మనం గిన్నెలు సర్దుతాం, పిల్లలు పైకి పరిగెత్తి పది నిమిషాల్లో "పైన ఏం లేదు, ఇటుకలే" అని దిగొచ్చేస్తారు.

ఇలాంటి మాటే మా అమ్మాయి కిందటేడాది ఇంకోలా అంది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అక్కడ తోటి పిల్లలు దీని మాట విని నవ్వుతారట. "ఏటి" అనగానే సినిమాల్లో హాస్యనటుల్ని గుర్తుచేసుకుని మళ్లీ అనమంటారట. సెలవులకి వచ్చినప్పుడు ఇంట్లో కూడా ఆచితూచి, టీవీ యాంకర్లా మాట్లాడటం మొదలుపెట్టింది. మా అత్తగారు "ఏటే గుంటా, అలగ మాటాడతన్నావు?" అంటే మొహం చిట్లించింది. రాత్రి నా పక్కన పడుకుని అడిగింది. "అమ్మా, మన జిల్లాలో ఏముంది? అందరూ వెళ్లిపోవడానికే పుట్టినట్టు ఉంటారు కదా."

ఏం చెప్పను? వెనకబడిన జిల్లా, వలసల జిల్లా, ఉద్దానం కిడ్నీ జబ్బుల జిల్లా. పేపర్లో మన పేరు వచ్చేది ఇలాగే. దాని ప్రశ్నకి జవాబు ఉపన్యాసంగా చెబితే అది దుప్పటి ముసుగేస్తుంది. అందుకని ఆ ఏడు కార్తీకంలో, పులిహోర మూతలు తియ్యకముందే, దాన్ని తీసుకుని కొండెక్కాను. అంతకుముందు కొన్నాళ్లుగా ఆ కొండ గురించి దొరికినదల్లా చదువుతున్నాను కాబట్టి, ఎక్కడ ఆగాలో కొంచెం తెలుసు.

మా అత్తగారు రానన్నారు. "ఓలమ్మా, ఇటికరాళ్లు సూడ్డానికి అంత పైకి ఎక్కాలేటి? మనింటెనకాల గోడ పడిపోయినప్పుడు సూసినాం గదా. నానిక్కడే కూకుంటాను, మీరెల్లి రండి" అన్నారు.

కొండ పెద్ద ఎత్తేం కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఆగి ఆగి ఎక్కొచ్చు. పైకి వెళ్లే కొద్దీ దారికి అటూ ఇటూ ఇటుక కట్టడాల పునాదులు కనిపిస్తూ ఉంటాయి. గుండ్రంగా ఉన్నవి స్తూపాలు, చైత్యాలు. వరసగా చిన్న చిన్న గదుల ఆనవాళ్లు భిక్షువులు ఉన్న విహారాలు. ఇక్కడి తవ్వకాల్లో నాలుగు స్తూపాలు, ఒక గుడి, బోలెడు శిల్పాలు బయటపడ్డాయి. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నుంచి క్రీస్తు తర్వాత 12వ శతాబ్దం దాకా ఈ కొండ మీద మనుషులు దీపం పెడుతూనే ఉన్నారని చరిత్రకారుల లెక్క. దాదాపు 1,400 ఏళ్లు. బౌద్ధంలో మొదటి థేరవాదం, తర్వాత మహాయానం, ఆఖరికి తంత్రాల వజ్రయానం, మూడూ ఇదే కొండ మీద ఒకదాని తర్వాత ఒకటి కాపురం ఉండి వెళ్లాయి.

పేరు మీద రెండు కథలున్నాయి. దీని పాత పేరు శాలివాటిక అని కొందరంటారు. శాలి అంటే వరి, అంటే ధాన్యం నిల్వచేసి అమ్మే చోటు. కాదు, శల్యపేటిక అని ఇంకొందరు. శల్యం అంటే ఎముక, అంటే ధాతువులు దాచిన పెట్టె. రెండోదానికి సాక్ష్యం లేకపోలేదు. స్తూపాల గర్భంలో రాతి భరిణెలు దొరికాయి. వాటి లోపల స్ఫటికంతో చేసిన బుల్లి స్తూపాల్లాంటి భరిణెలు, వాటితో బంగారు పూలు. మన ఇళ్లలో కుంకుమ భరిణె పట్టుబట్టలో చుట్టి, దాన్ని వెండి పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని బీరువాలో దాచినట్టే అన్నమాట.

నాకైతే వరే నచ్చుతుంది. కొండ మీద వందల ఏళ్లు అంతమంది భిక్షువులు ఉన్నారంటే, వాళ్లకి పొయ్యి లేదు, వంట లేదు. కింద ఊళ్లలో ఎవరో వండి వాళ్ల భిక్షాపాత్రల్లో వెయ్యాలి. ఆ "ఎవరో" ఎవరో మనకి తెలుసు. అమరావతి స్తూపం దగ్గర దొరికిన ప్రాకృత శాసనాల్లో దానాలు ఇచ్చిన వాళ్లలో ఆడవాళ్ల పేర్లు చాలా ఉన్నాయి. వాటిలో "ఘరణి" అనే మాట కనిపిస్తుంది. మనం "గృహిణి" అని రాయించుకుంటామే, అదే మాట, రెండువేల ఏళ్ల కిందటి ఉచ్చారణలో. రాతి మీద చెక్కించుకునేటప్పుడు ఆమె దాన్ని చిన్నతనం అనుకోలేదు.

కొండ మీద నిలబడి చూస్తే వంశధార అంతా కనిపిస్తుంది. వెడల్పాటి ఇసుక, మధ్యలో నీటి పాయలు, రెండు వైపులా వరి, కొబ్బరి. తూర్పున గీతలాగా సముద్రం. ఇక్కడ ఎందుకు కట్టారో అప్పుడు అర్థమవుతుంది. ఓడ మీద వచ్చేవాడికి దూరం నుంచే కొండ కనిపించాలి, నది మీద పడవలో దిగేవాడికి కొండ దారిలోనే తగలాలి. మా అమ్మాయికి అదే చెప్పాను. మనం ఇప్పుడు రాజధాని నుంచి చూస్తున్నాం కాబట్టి ఇది రాష్ట్రానికి చిట్టచివర, పెరట్లో ఒక మూల. సముద్రం వైపు నుంచి చూస్తే ఇది వీధి గుమ్మం.

ఈ కొండని మళ్లీ లోకానికి చూపించింది ఎవరో తెలుసా అని అడిగాను. తెలియదంది. పేరు చెప్పగానే "ఆయనా? స్కూల్లో ఆగస్టు 29న దండ వేసేవాళ్లు" అంది.

ఆయనే. గిడుగు రామమూర్తి పంతులు గారు. ఈ నది ఒడ్డు మనిషే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడిలో నెలకి ముప్పై రూపాయల జీతంతో మాస్టారుగా చేరారు. శ్రీముఖలింగం గుడి గోడల మీద గంగరాజుల శాసనాలు ఉన్నాయి కదా, వాటిని చదవడం నేర్పే వాళ్లు ఎవరూ లేకపోతే సొంతంగా కూర్చుని ఆ లిపి నేర్చుకున్నారు. ఆ తర్వాత కొండల్లో ఉండే సవరల భాష మీద మనసు పడింది. సవర మాట్లాడేవాళ్లని ఇంట్లో పెట్టుకుని, వాళ్ల నోటి మాట విని రాసుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి తంటాలు పడ్డారు. ఆ మన్యం తిరుగుళ్లలో విషజ్వరం పట్టుకుంటే క్వినైను మింగి మింగి చెవుడు వచ్చింది. జనం మాట వినడానికి వెళ్లిన మనిషికి ఆ తిరుగుడే చెవులు తీసేసింది.

(ఇంట్లో పెట్టుకున్న సవరలకి, వచ్చీపోయే వాళ్లకి ఏళ్ల తరబడి వండి వడ్డించిన ఇల్లాలి గురించి పుస్తకాల్లో నేను చదివింది రెండు ముక్కలకి మించదు. నిఘంటువులో ఆమె వాటా ఎంతో మనలాంటి వాళ్లం ఊహించుకోగలం.)

1919వ సంవత్సరం చూడండి. ఆ ఏడాదే వాడుక భాషలో రాసుకునే వాళ్ల కోసం వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు, దానికి కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు. ఆ ఏడాదే గిడుగు వారు "తెలుగు" అనే పత్రిక తెచ్చారు. అప్పటిదాకా పుస్తకంలో రాసే తెలుగు వేరు, నోట్లో తెలుగు వేరు. పిల్లవాడు బడిలో తను మాట్లాడే మాట రాస్తే అది తప్పు, మాస్టారు గళ్ల వ్యాకరణం ప్రకారం రాయాలి. ఆ గొడవల మధ్యలోనే, అదే 1919లో, శాలిహుండం కొండ మీద ఉన్నవి మామూలు మట్టిదిబ్బలు కావని ఆయన కనిపెట్టారు. తర్వాత పురావస్తు శాఖ వాళ్లు వచ్చి తవ్వారు. లాంగ్‌హర్స్ట్ అనే ఆంగ్లేయుడు, టి.ఎన్. రామచంద్రన్, స్వాతంత్ర్యం వచ్చాక ఆర్. సుబ్రహ్మణ్యం, ఇలా ఒకరి తర్వాత ఒకరు.

నాకు ఈ రెండు పనులూ ఒకటే అనిపిస్తాయి. అందరూ రోజూ తొక్కుకుంటూ పోయే మట్టిలోనూ, అందరి నోళ్లలో నానే మాటలోనూ ఏదో ఉందని వంగి చూడటం. నేను ఇలా, వంట చేసుకుంటూ మాట్లాడే భాషలో నాలుగు పేజీలు రాసి మీ చేత చదివించగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. మా అమ్మాయి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆయన కూడా 'ఏటి' అనేవారా?" అంది. ఈ నది ఒడ్డున పుట్టిన పిల్లాడు చిన్నప్పుడు ఏమని ఉంటాడే మరి అన్నాను.

ఇక శిల్పాలు. కొండ దగ్గరే చిన్న మ్యూజియం ఉంది. వెళ్తే తారని, మారీచిని చూడకుండా రావద్దు. ఇద్దరూ బౌద్ధ దేవతలే. మారీచి ఉదయకాంతి దేవత. ఆమె రథాన్ని లాగేవి ఏడు పందులు, వరాహాలు. మా అమ్మాయి నవ్వేసింది కానీ కాస్త ఆలోచించండి. ఇక్కడికి అంత దగ్గర్లోనే అరసవల్లి. అక్కడ సూర్యనారాయణమూర్తికి ఏడు గుర్రాలు. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మనం తెల్లారకుండా వెళ్లి నిలబడతాం. సముద్రంలోంచి సూర్యుడు లేచే తీరం ఇది. ఒక కొండ మీద ఆ వెలుగుని ఆడదేవతగా కొలిచారు, ఒక ఊళ్లో మగదేవుడుగా కొలుస్తున్నారు. రెండు గుళ్లకీ మధ్య దూరం ఆటోలో పోయేంతే.

తార దగ్గర నేను ఎక్కువసేపు నిలబడ్డాను. తార అంటే నక్షత్రం, తార అంటే దాటించేది కూడా. మనం "తరించాం" అంటామే, ఆ మాటలో ఉన్నది కూడా ఈ దాటడమే. ఎనిమిది పెద్ద భయాల నుంచి కాపాడే తల్లిగా బౌద్ధులు ఆమెను కొలిచారు. సింహం, ఏనుగు, నిప్పు, పాము, దొంగలు, సంకెళ్లు, నీళ్లు, పిశాచాలు. ఈ జాబితా ఎవరిదో చెప్పక్కర్లేదు. ఇల్లు వదిలి దూరం పోయేవాడి భయాలివి. నిజానికి అతనివి కూడా కాదు, అతను వెళ్లాక ఇంట్లో ఉండిపోయిన వాళ్లకి రాత్రి పడుకున్నాక ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చేవి. నదీముఖం పక్కన, ఓడల దారి మీద, ఆ తల్లిని నిలబెట్టడంలో ఆశ్చర్యం ఏముంది? ఇప్పుడు మన జాలర్లు వేటకి వెళ్లేముందు గంగమ్మకి మొక్కినట్టే వాళ్లూ మొక్కి ఉంటారు.

వెళ్లింది ఎంత దూరం? దానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒక కంచం. అవును, అన్నం తినే పళ్లెం. శాలిహుండంలో దొరికిన పెంకుల్లో ఒక రకం ఉంది. సన్నటి మట్టితో చేసిన నున్నటి వెడల్పాటి పళ్లేలు, లోపల అడుగున గుండ్రంగా వరసలు వరసలుగా చిన్న గాట్ల ముగ్గు. తిన్నాక, గిన్నె ఖాళీ అయ్యాక కనిపించే ముగ్గు అన్నమాట. ఇవే పళ్లేలు పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికాయి, శ్రీలంకలో దొరికాయి, ఇండోనేషియాలో బాలి దీవి ఉత్తరపు తీరంలో సెంబిరన్ అనే చోట కూడా దొరికాయి. రెండువేల ఏళ్ల కిందట మన బంగాళాఖాతం చుట్టూ ఉన్న రేవుల్లో ఒకే రకం కంచాల్లో తిన్నారు. పెళ్లిలో పెట్టిన స్టీలు సామాను మీద పేరు చెక్కించి, అది అమెరికా దాకా వెళ్లినా మనదే అని గుర్తుపట్టే జాతి మనది. ఈ సాక్ష్యం మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది?

సముద్రం దాటిన వాళ్ల కథల్లో ఒక ఆడపిల్ల కథ ఉంది. పాళీ భాషలో "దాఠావంస" అనే కావ్యం చెబుతుంది. కళింగదేశాన్ని గుహశివుడనే రాజు దంతపురం నుంచి ఏలుతున్నాడు. ఆ ఊళ్లో బుద్ధుడి దంతం ఉంది. దాని కోసం శత్రువులు దండెత్తి వచ్చారు. తను యుద్ధంలో పోతే ఆ దంతాన్ని సింహళానికి చేర్చమని కూతురు హేమమాలకి, అల్లుడు దంతకుమారుడికి అప్పజెప్పాడు. ఆమె దాన్ని తన జడలో దాచుకుంది. ఇద్దరూ మారువేషాల్లో నడిచి, ఓడెక్కి, శ్రీలంక చేరారు. ఇది నాలుగో శతాబ్దం సంగతి, అప్పుడు అక్కడ సిరిమేఘవణ్ణుడు రాజు. ఇవాళ క్యాండీ పట్టణంలో కొలిచే దంతం అదేనని లంక వాళ్ల నమ్మకం.

ఆ దంతపురం మన సరుబుజ్జిలి దగ్గర దంతవక్త్రుని కోటేనని ఇక్కడి వాళ్లం గట్టిగా అంటాం. నాగావళికీ వంశధారకీ మధ్య ఉన్న ఆ మట్టికోట పాతదన్న దాంట్లో సందేహం లేదు, బౌద్ధపు ఆనవాళ్లూ అక్కడ దొరికాయి. కాదు, అది ఒడిశాలో పూరీ అనేవాళ్లూ ఉన్నారు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. హేమమాల ఓడెక్కింది బెంగాల్ వైపు తామ్రలిప్తి రేవులో అని ఆ కావ్యమే చెబుతుంది, కళింగపట్నంలో కాదు. పిల్లలకి ఊరి గొప్ప చెప్పాలని ఓడని మన రేవుకి లాక్కురానక్కర్లేదు. ఉన్నదే చాలు. నాకు ఆ కథలో పట్టుకున్నది అది కాదు. రాజ్యంలో అన్నిటికంటే విలువైన వస్తువుని రాజు పెట్టెలో పెట్టలేదు, సేనాపతికి ఇవ్వలేదు. పొరుగూరు సంతకి వెళ్లేటప్పుడు మనం డబ్బులు ఎక్కడ దాచుకుంటామో ఆలోచించండి, సోదాలు చేసేవాడు ఎక్కడ చెయ్యి పెట్టడానికి జంకుతాడో ఆలోచించండి. ఆ కథ అల్లినవాళ్లకి ఆడవాళ్ల ప్రయాణం గురించి బాగానే తెలుసు.

మధ్యాహ్నం దాటాక ఎప్పట్లాగే కళింగపట్నం వెళ్లాం. అక్కడ 1876లో కట్టిన దీపస్తంభం ఉంది. బ్రిటిషు వాళ్ల రోజుల్లో ఇది ఓడలు ఆగే రేవు. శ్రీకాకుళాన్ని వాళ్లు చికాకోల్ అనేవారు, చికాకోల్ మస్లిన్ బట్టకి అప్పట్లో పేరుండేది. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో సన్నటి నూలు వడికే ఆడవాళ్లు ఉన్నారు కదా, ఆ చేతిపని మిగిలిన రూపం అది. తర్వాత 1890ల్లో మద్రాసు, కలకత్తాలని కలిపే రైలు దారి వచ్చింది. ఆ దారి తీరానికి దూరంగా ఆమదాలవలస మీదుగా పోయింది. ఇవాళ్టికీ శ్రీకాకుళానికి రైలెక్కాలంటే ఆమదాలవలస పోవాలి. సరుకు రైలెక్కింది, చిన్న రేవులు ఒకటొకటిగా చిక్కిపోయాయి. ఇంటికి వీధి గుమ్మం మూసేసి పక్క సందులోంచి రాకపోకలు మొదలుపెడితే ఎలా ఉంటుందో, ఈ తీరానికి అలా అయింది.

బీచ్‌లో ఎండుచేపలు అమ్మే ఒకామెతో మా అత్తగారు మాటల్లో పడ్డారు. మీ ఇంటాయన వేటకెళ్లాడా అని అడిగారు.

"ఈరావలెల్లాడమ్మా. ఆగస్టులో ఎల్తే మళ్లా ఏప్రిలు దాటాకే. ఇక్కడ ఏటుంది? సేపల్లేవు, జెట్టీ లేదు."

వేరావల్ అంటే గుజరాత్. మన ఇంటి ముందు సముద్రం పెట్టుకుని, దేశానికి అటు చివర సముద్రంలో వేరొకరి బోటు మీద కూలికి. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు 20 మంది దాకా సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ల చేతికి చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యే దాకా జైల్లోనే. "తండేల్" సినిమా చూసి మనమంతా కళ్లు తుడుచుకున్నది ఆ కథకే. ఆ పదమూడు నెలలూ వాళ్ల ఆడవాళ్లు తిరగని ఆఫీసు లేదు, కలవని నాయకుడు లేడు. తార కాపాడే ఎనిమిది భయాల్లో నీళ్లు ఒకటి, సంకెళ్లు ఒకటి అని పొద్దున్నే చెప్పాను కదా. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఏమీ అనలేదు.

తర్వాత అదే ఆమె దగ్గరకి వెళ్లి కూర్చుంది. "పిన్నీ, మీకు ఫోను చేస్తాడా? ఏటంటాడు?" అని అడిగింది. ఆమె నవ్వి, "ఏటంటాడమ్మా, తిన్నావా అంటాడు" అంది.

కొండెక్కాలనుకునే వాళ్లకి నాలుగు మాటలు. ఎండ ముదరకముందే ఎక్కండి. పైన దొరుకుతాయనుకోకుండా మంచినీళ్లు కిందనుంచే పట్టుకెళ్లండి. మ్యూజియానికి వారంలో ఏ రోజు సెలవో ముందే కనుక్కోండి, లేకపోతే తారని చూడకుండా వచ్చేస్తారు. ఇటుక కట్టడాల మీదకి పిల్లల్ని ఎక్కనివ్వద్దు. విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు ఒక సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చుకోండి. ఇంకా ఓపికుంటే ఇంకోరోజు ఎగువకి, శ్రీముఖలింగం వెళ్లండి. మధుకేశ్వరుడి గుడి గోడల మీద గిడుగు వారు కూర్చుని చదువుకున్న అక్షరాలు ఇంకా ఉన్నాయి. మా అత్తగారు దానికి మాత్రం వస్తానన్నారు, అక్కడ దేముడున్నాడు కాబట్టి.